నాలుగో ఏటి ఒడిబియ్యం

మా వైపు ఆడపిల్లకు ఒడిబియ్యం బేసి ఏళ్లలోనే పోస్తారు. పెళ్లయిన మూడో ఏట ఒకసారి, ఐదో ఏట ఇంకోసారి. తల్లి పసుపు కలిపిన బియ్యాన్ని దోసిళ్లతో కూతురి కొంగులో పోస్తుంది. బియ్యంతోపాటు ఎండు కొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, ఒక రవిక గుడ్డ. పోసే తల్లి ముత్తైదువై ఉండాలి. ఈ చివరి మాట ఎవరూ పైకి అనరు, అందరికీ తెలుసు.

మా బిడ్డకు పెళ్లయి నాలుగో ఏడు నడుస్తోంది. ఒక పొద్దున నా భార్య వంటింట్లోంచే అంది:

"దసరా ఎల్లినంక బిడ్డకు ఒడిబియ్యం పోద్దామనుకుంటున్న."

నేను చదువుతున్న పేపరు మడిచాను. "ఇది నాలుగో ఏడు గద?"

"పెండ్లయిన ఏడు సుత లెక్కేసుకుంటే ఐదైతది."

"మూడో ఏట పోసినప్పుడు గా లెక్క ఎయ్యలేదు నువ్వు."

"నీ లెక్కలు నీ గోదాంల వెట్టుకో," అని పోపు వేసింది. నేను అడగబోయిన ఇంకో ప్రశ్న ఆ చప్పుడులో పోయింది.

అప్పటికి నాకు రక్త క్యాన్సరుకు మందు ఎక్కించి నెల దాటింది. ఆ మందు పనిచేసిందో లేదో ఎవరూ గట్టిగా చెప్పడం లేదు. ఆచారాన్ని ఒక్క అడుగు కూడా దాటని మనిషి ఆచారాన్ని ఒక ఏడు ముందుకు జరుపుతోంది. ఎందుకు? నాకు తోచిన కారణం ఒక్కటే. వచ్చే ఏటికి ఆమె బియ్యం పోయగలిగే స్థితిలో ఉండదని ఎవరో ఆమెకు చెప్పారు.

నా అనుమానాలకు నా ఉద్యోగం కూడా కొంత కారణం. మహబూబాబాద్‌లో, మా నోట మానుకోటలో, ధాన్యం గోదాములో నాణ్యత చూసే పని చేసి రిటైరయ్యాను. నెల్లికుదురు, పెద్దవంగర వైపు నుంచి బస్తాలు వచ్చేవి. ఇనుప గొట్టం బస్తాలో గుచ్చి, లోపలి గింజలు తీసి, అరచేతిలో పోసుకుని చూడాలి. పైన కనిపించే గింజ ఎప్పుడూ మంచిదే, అమ్మేవాడు దాన్ని అక్కడ ఉంచుతాడు కాబట్టి. తాలు, మట్టి, తడి అన్నీ నడుమ ఉంటాయి. జీవితమంతా అట్లా గుచ్చి చూసినవాడికి మనుషుల మాటలు కూడా బస్తాల్లాగే కనిపిస్తాయి.

జబ్బు కూడా మొదట పైకి కనిపించలేదు. ఎడమ డొక్కలో బరువుగా ఉండేది. రెండు ముద్దలకే కడుపు నిండేది. జ్వరం వచ్చి పోయేది, మళ్లీ వచ్చేది. మలేరియా అని ఒకరు, టైఫాయిడ్ అని ఒకరు మందులిచ్చారు. చివరికి పట్నంలో ఒక పెద్ద దవాఖానలో నడుము వెనక ఎముకలోకి సూది దించి మూలుగ తీశారు. గుచ్చి తీయడం నాకు కొత్త కాదు, గుచ్చించుకోవడమే కొత్త.

హెయిరీ సెల్ లుకేమియా అన్నాడు డాక్టరు. సూక్ష్మదర్శినిలో ఆ కణాల అంచుకు సన్నని వెంట్రుకల్లాంటి నూగు కనిపిస్తుందట, అందుకని ఆ పేరు. చాలా అరుదైన జబ్బు అనీ, తన దగ్గరికి ఎప్పుడో ఒకరు వస్తారనీ చెప్పాడు. ఆ కణాలు మూలుగలో, ప్లీహంలో చేరి మంచి రక్తం తయారు కాకుండా అడ్డుపడతాయి. నా డొక్కలోని బరువు ఉబ్బిన ప్లీహమే. అది ఎక్కడి దాకా దిగిందో చేత్తో తడిమి, నా పొట్ట మీద పెన్నుతో గీత గీశాడు. బొడ్డుకు కొంచెం పైన.

"ఒక్క వారం మందు ఎక్కిస్తామండీ. తర్వాత ఇంటికి వెళ్లొచ్చు," అన్నాడు.

"మళ్లీ ఎప్పుడు ఎక్కిస్తారు?"

"అవసరం ఉండదనే అనుకుంటున్నాం."

అక్కడే నా మనసులో మొదటి ముల్లు దిగింది. మా గోదాములో ఒక హమాలీకి రక్త క్యాన్సరే వచ్చింది. ఏళ్ల తరబడి మందులు వాడాడు, జుట్టంతా ఊడింది, అయినా దక్కలేదు. నాకు వారం రోజులు సెలైన్ సీసా పెట్టి పొమ్మన్నారు. ఒక్క వెంట్రుక కూడా రాలలేదు. ఇది మందేనా? లేక చేసేదేమీ లేక, ఇంటివాళ్ల తృప్తి కోసం ఏదో ఎక్కించి పంపారా? పైగా ఆ డాక్టరుది కోస్తా మాట. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. సినిమాల్లో మా మాట మీద నవ్వించిన యాస అది. ఆ యాసలో మంచి కబురు విన్నా వెనక ఏదో ఉందనిపించేది నాకు. మనిషి మర్యాదగానే మాట్లాడాడు. ఆ మర్యాదను కూడా అనుమానించాను.

ఇంటికొచ్చాక చూడవచ్చేవాళ్లు మొదలయ్యారు. మా దగ్గర మంచాన పడ్డవాణ్ణి చూడటానికి బ్రెడ్డు, బత్తాయిలు పట్టుకొస్తారు. నాకు మంచి తెల్లకణాలు తక్కువ కాబట్టి మనుషుల్ని దగ్గరికి రానివ్వొద్దని, పచ్చివి, బయటివి తినొద్దని డాక్టరు చెప్పాడు. నా భార్య వాళ్లను గడప దగ్గరే నిలబెట్టి మాట్లాడించేది. బ్రెడ్డు పొట్లాలు అలమార మీద పేరుకున్నాయి. బయ్యారం నుంచి ఒక ముసలి చుట్టం వచ్చింది. ఏళ్లుగా మాతో మాటల్లేని మనిషి. గడప అవతలే నిలబడి, "ఎట్లుంటివి ఎట్లయితివి కొడుకా," అని కొంగుతో కళ్లొత్తుకుంది. మాటల్లేని చుట్టం వచ్చి ఏడ్చిందంటే ఊళ్లో ఏం ప్రచారం జరుగుతోందో తెలిసిపోయింది.

రక్త పరీక్షలు మానుకోటలోనే చేయించేవాళ్లం. రిపోర్టు అల్లుడు తెచ్చి, ఫోనులో డాక్టరుకు చదివి వినిపించి, తర్వాత నాకు ఇచ్చేవాడు. అల్లుడు భూపాలపల్లిలో బొగ్గుబాయిలో పని చేస్తాడు. సకల జనుల సమ్మెలో బాయిలన్నీ బంద్ కావడంతో బిడ్డను మోటారు సైకిలు మీద ఎక్కించుకుని మా ఇంటికొచ్చి ఉన్నాడు. సమ్మె కోసమే వచ్చారా, నా కోసం వచ్చారా అన్నది నాకు తేలలేదు. నేను గదిలోకి వెళ్తే తల్లీ బిడ్డల మాట ఆగిపోయేది. "ఏంది ముచ్చట?" అంటే, "ఏం లేదు నాయినా, చీరల ముచ్చట," అనేది బిడ్డ. బిడ్డ చీరల గురించి అంత మెల్లగా ఎన్నడూ మాట్లాడలేదు.

పట్నంలో డాక్టరుకు చూపించుకునే రోజు వచ్చింది. బస్సులు లేవు. నేనూ అల్లుడూ రైలెక్కాం. బిడ్డ నా మూతికి గుడ్డ మాస్కు కట్టి, "తియ్యకు నాయినా," అని పదిసార్లు చెప్పింది. కాజీపేట దాటి జనగామ చేరేసరికి రైలు ఆగిపోయింది. పట్టాల మీద జనం, డప్పులు, జెండాలు. పట్టాల పక్కనే మూడు రాళ్లు పెట్టి వంట మొదలుపెట్టారు.

"ఇగ పొద్దుగూకినా కదలదు మామా," అన్నాడు అల్లుడు. ఆ మాటలో దిగులు కన్నా హుషారే ఎక్కువ వినిపించింది.

కిటికీ పక్కకు ఒక కార్యకర్త వచ్చి నా మూతి గుడ్డ చూసి నవ్వాడు. "ఏం పెద్దసారూ, పోలీసోళ్లు గ్యాసు ఇడుస్తరని ముందే కట్టుకున్నవా? తయారయ్యే వచ్చినవ్!"

పెట్టెలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను, గుడ్డ లోపల. అల్లుడు నన్ను సీట్లో కూర్చోబెట్టి, "జర గాడ చూసొస్త," అని డప్పుల వైపు పోయాడు.

అప్పుడు నాకు తట్టింది. ఇది నన్ను ఎరిగినవాళ్లు లేని ఊరు. రిపోర్టు మధ్యలో ఎవరి చేతికీ పోదు. మెల్లగా దిగి స్టేషన్ బయటికి నడిచాను. కొద్ది దూరంలో ఒక రక్త పరీక్షల దుకాణం షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి పోయాను.

"చీటీ ఎవరు రాసిచ్చిండ్రు?" అని అడిగాడు అక్కడి మనిషి.

"ఎవరు రాయలే. రక్తం ఒకసారి చూపిచ్చుకుందామని."

"ఊకె చూపిచ్చుకుంటానికి గిదేమన్న జాతకమా పెద్దమనిషీ?" అన్నాడు గాని, సూది తీశాడు. బేరాల్లేని రోజు కదా.

రిపోర్టు వచ్చేదాకా అక్కడే బల్ల మీద కూర్చున్నాను. మందు ఎక్కించకముందు నా లెక్కలు ఎంతెంతో నా జేబు డైరీలో రాసి ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. తెల్లకణాలు మందుకు ముందుకన్నా బాగా తక్కువున్నాయి. హిమోగ్లోబిన్ ఏమీ పెరగలేదు. కింద ప్లేట్‌లెట్ల వరుస నేను పట్టించుకోలేదు. అవి డెంగీ వచ్చినవాళ్లకే అవసరమనుకునేవాణ్ణి. మందుకు ముందు ఉన్నదానికన్నా మందు తర్వాత అధ్వాన్నంగా ఉంది. అంతే, నాకు అంతా అర్థమైపోయిందనుకున్నాను. 

బయటికి వస్తుంటే అల్లుడు ఎదురుగా పరుగెత్తుకొచ్చాడు. "మామా! ప్లాట్‌ఫారమంత దేవులాడిన. పానం పోయినంత పనైంది. ఏడికి పోయినవ్?"

రిపోర్టు అతని ముఖం ముందు పట్టాను. "నిజం చెప్పు అల్లుడా. డాక్టరు మీకేం చెప్పిండు?"

"నీకు చెప్పిందే మాకు చెప్పిండు."

"మరి గివెందుకు తగ్గినయి?"

"నాకేం ఎరుక మామా? నేను బొగ్గు తవ్వెటోన్ని, రక్తం చూసెటోన్ని గాదు."

"నాలుగో ఏట ఒడిబియ్యం ఎందుకు?"

అల్లుడు పక్కకు చూశాడు. "గది అత్తమ్మనడుగు."

ఆ పక్కచూపు చాలు నాకు. స్టేషన్‌కు నడుస్తూ అతనే మెల్లగా అన్నాడు. "నీ బాధ నాకెరుకే మామా. రాష్ట్రం ఇచ్చినమన్నరు, పటాకులు గాల్చినం. మళ్ల ఎనకకు వొయ్యిండ్రు. ఇగ ఎవడు మంచి ముచ్చట చెప్పినా గెజిట్ ఏదిరా అని అడగబుద్ధైతది. నీకు సుత గెజిట్ కావాలె, గంతే."

రైలు సాయంత్రానికి కదిలింది. మరునాడు డాక్టరు గదిలోకి నేనొక్కణ్ణే వెళ్లాను. అల్లుణ్ణి బయట ఉండమన్నాను. జనగామ రిపోర్టు బల్ల మీద పెట్టాను. ఎందుకు చేయించానో డాక్టరు అడగలేదు. కాగితం చూసి అతను మొదట వేలు పెట్టింది నేను వదిలేసిన వరుస మీద.

"ప్లేట్‌లెట్లు లేచాయి. బావుంది."

"తెల్లకణాలు పడిపోయాయి కదా?"

"పడాలండీ. ఈ మందు చెడ్డ కణాలతోపాటు మంచివాటినీ కొంతకాలం అణిచేస్తుంది. మూలుగ ఖాళీ అవుతుంది, తర్వాత తేరుకుంటుంది. సాధారణంగా ముందు ప్లేట్‌లెట్లు, తర్వాత తెల్లకణాలు, చివర్న హిమోగ్లోబిన్. ఈ మధ్యలో జ్వరం వస్తే మాత్రం ఒక్క పూట కూడా ఆగకుండా రావాలి."

నన్ను పడుకోబెట్టి డొక్క తడిమాడు. మొదట గీత గీసిన చోటు నుంచి పైకి పైకి వేళ్లు జరిపి, పక్కటెముకల అంచు దగ్గర ఆగాడు. నా చెయ్యి తీసుకుని అక్కడ పెట్టాడు. "మీరే చూడండి. ఇంకొంచెమే తగులుతోంది." నిజంగానే వేళ్లకు అంచు మాత్రమే తగిలింది. రెండు ముద్దలకే నిండే కడుపు ఈ మధ్య నిండటం లేదని నాకు తెలుసు. దాన్ని కూడా లెక్కలోకి తీసుకోలేదు నేను.

అయినా వదల్లేదు. "ఇవన్నీ పైపైవి డాక్టరు గారూ. మూలుగలో సూది పెట్టి చూడండి. ఇవాళే చూడండి."

"ఇంకా కొన్ని నెలలు ఆగాలి."

"ఎందుకు?"

నా ఉద్యోగమేమిటో మొదటి రోజే చెప్పి ఉన్నాను. అతను రిపోర్టు పక్కన పెట్టి, "మీ గోదాముకు పచ్చి ధాన్యం వస్తే ఏం చేసేవారు?" అన్నాడు.

"ఎండబోసి తెమ్మనేవాళ్లం."

"గొట్టం ఉందిగా, అప్పుడే గుచ్చి ధర కట్టొచ్చుగా?"

 పచ్చి గింజ ఏ పరీక్షకూ నిలబడదు. అది మంచి గింజని కూడా చెడ్డదిగా చూపిస్తుంది.

లేచే ముందు అసలు ప్రశ్న అడిగాను. "మావాళ్లు మీకేమైనా చెప్పారా? నాకు చెప్పొద్దని?"

డాక్టరు నవ్వాడు. "మీ ఆవిడ రెండుసార్లు ఫోన్ చేశారు. 'ఆయన మాకు చెప్పొద్దన్నాడా సారూ' అని అడిగారు. అట్లాంటిదేమీ లేదన్నాను. నమ్మలేదు. మీరూ నమ్మేట్టు లేరు."

ఇంటికి వచ్చాక, అందరూ తిన్నాక, బిడ్డా అల్లుడూ వాకిట్లో ఉండగా ఆమెను అడిగాను.

"డాక్టరుకు ఫోన్ చేసినవట?"

"చెయ్యనా మరి? దవాఖానల ఉన్నప్పుడు తలుపేసుకొని నీతోని ఒక్కనితోనే మాట్లాడె. బయటికొచ్చి నువ్వు ఒక్క ముక్క చెప్పకపోతివి."

"డొక్క చూసిండు. దానికి తలుపెయ్యరా?"

"మరి తాళంచెవులకు చీటీలెందుకు కట్టినవ్?"

"ఏ చీటీలు?"

"ఒక్కొక్క తాళంచెవికి ఒక చీటీ కడితివి. నీళ్ల మోటరు ఎట్లెయ్యాలె, ఎట్ల బంద్ చెయ్యాలె అని నన్ను నిలవెట్టి నేర్పితివి. పెండ్లయినకాంచి గా మోటరు నన్ను ముట్టనియ్యలేదు నువ్వు. బతికెటోడు చేసే పనులా గివి? నీకేదో ఎరికైంది, నాకు చెప్తలేవు అనుకున్న. అందుకే బిడ్డకు నా చేతులతోని పోసుకుందామనుకున్న. తప్పా?"

దవాఖానలో వారం రోజులు పడుకున్నప్పుడు నేను లేని ఇంట్లో ట్యాంకు నిండక ఇబ్బంది పడ్డారని బిడ్డ చెప్పింది. అందుకే ఆ చీటీలు, ఆ నేర్పడం. నాకది మామూలు పద్ధతి. ఆమెకది నేను పోయే ముందు అన్నీ సర్దిపెడుతున్నట్టు కనిపించింది. ఆమె హడావుడి చూసి నేను, నా చీటీలు చూసి ఆమె, ఇద్దరం ఒకరి ముఖంలో ఒకరం చావు కబురు వెతుక్కుంటూ ఉన్నాం.

"సూది పరీక్ష దాకా ఆగు," అన్నాను.

"బాగలేదంటే?"

"నా మంచం పక్కన కూసొని బియ్యం పోద్దువు."

"నీ నోట్ల మన్నువడ," అంది, కళ్లు తుడుచుకుంటూ. ఆగుతానని మాత్రం అనలేదు. కుడుకలు అప్పటికే కొని డబ్బాలో పెట్టింది. బస్సులు నడవకపోవడంతో చుట్టాలు రాలేరని దసరా తర్వాతి ముహూర్తం దానంతటదే తప్పింది. సమ్మె ముగిశాక ఇంకో ముహూర్తం చూపించింది, మళ్లీ ఏదో వంకతో వాయిదా వేసింది. ఆ డబ్బా వంటింటి అలమారలో పై అరలో ఉండేది. నీళ్లు తాగడానికి పోయినప్పుడల్లా నా కళ్లు అటే పోయేవి. అది అక్కడున్నంత కాలం ఆమె డాక్టరును నమ్మలేదని లెక్క.

ప్లేట్‌లెట్ల తర్వాత తెల్లకణాలు, వాటి వెనక హిమోగ్లోబిన్, డాక్టరు చెప్పిన వరుసలోనే లేచాయి. రిపోర్టు ఇప్పుడు నేరుగా నా చేతికే వచ్చేది. ఒకసారి మానుకోటలో, ఇంకోసారి వరంగల్‌లో చేయించి సరిచూసుకున్నాను కూడా. చలి ముదిరాక మళ్లీ నడుము ఎముకలోకి సూది దించారు. ఈసారి నా భార్య కూడా వచ్చింది. ఫలితం చెప్పేటప్పుడు ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టాడు డాక్టరు.

"మూలుగలో ఆ కణాలు కనిపించలేదండీ."

"కనిపించలేదా, లేవా?" అన్నాను.

నా భార్య నా మోచేతిని నొక్కింది. డాక్టరు మాత్రం సూటిగా నా వైపే చూసి చెప్పాడు. "కనిపించలేదనే చెప్పగలను. ఇంకా లోతుగా వెతికే పరీక్షలు చేస్తే ఒకటీ అరా దొరకొచ్చు. రక్తం లెక్కలు బాగున్నాయి, ప్లీహం తగలడం లేదు, మూలుగలో కనిపించడం లేదు. దీన్ని పూర్తి స్పందన అంటాం. నయమైపోయిందని అనం. ఎన్నో ఏళ్ల తర్వాత తిరిగి రావచ్చు. వస్తే మళ్లీ మందు ఉంది. అందుకే కొన్ని నెలలకోసారి రక్తం చూపించుకుంటూ ఉండాలి."

ఇన్ని నెలల్లో అతని మాట నేను నమ్మింది అప్పుడే. తాలు ఎక్కడ ఉండొచ్చో అమ్మేవాడు తానే చెప్పిన బస్తా నా ఉద్యోగంలో నేను చూడలేదు.  తిరుగు దారిలో రైలు జనగామలో ఆగినప్పుడు నా భార్య, "నువ్వు దిగి తప్పించుకపోయింది గీడనేనా?" అని అడిగి, అవునంటే తల తిప్పుకుని కిటికీలోంచి చూసింది.

మర్నాడు మధ్యాహ్నం కంచంలో వేడన్నం పక్కన ఎర్రగా కారం వేసింది. ఎల్లిపాయ వాసన. నోట్లో పెట్టుకుంటే ఎండు కొబ్బరి తగిలింది. తల ఎత్తి అలమార వైపు చూశాను. పై అర ఖాళీగా ఉంది.

"ఏ కుడుకలు గివి?"

"డబ్బాలయి."

"ఒడిబియ్యానికి తెచ్చినయా?"

"పురుగు వట్టకముందే తినాలె గద. ఐదో ఏటికి కొత్తయి తెచ్చుకుందాం," అంది, నెయ్యి వేస్తూ.

నేను ఎడమ చేత్తో పక్కటెముకల కింద ఒకసారి నొక్కి చూసుకున్నాను. అలవాటైపోయింది. ఆమె చూడనే చూసింది.

"మళ్ల గుచ్చి చూస్తున్నవా? చెయ్యి తీసి తిను."